రాయలసీమలో ఉంటూ న్యూరోసైన్స్ వైపు వెళ్లడం ఎలా: డిగ్రీ విద్యార్థులకు ఒక మార్గదర్శిని

కర్నూలులోనో అనంతపురంలోనో కడపలోనో ఇంటర్ పూర్తి చేసి, మెదడు ఎలా పనిచేస్తుందో చదువుకోవాలనుకునే విద్యార్థికి మొదట ఎదురయ్యే ఇబ్బంది ఏమిటంటే, చుట్టుపక్కల కళాశాలల ప్రవేశాల జాబితా ఎంత వెతికినా న్యూరోసైన్స్ అన్న పేరు కనిపించదు. ఇది మన ప్రాంతానికి మాత్రమే ఉన్న లోటు కాదు. మన దేశంలో ఈ శాస్త్రాన్ని ఎక్కువగా ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ స్థాయుల్లోనే బోధిస్తున్నారు. హర్యానాలోని మానేసర్‌లో ఉన్న నేషనల్ బ్రెయిన్ రీసెర్చ్ సెంటర్, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలోని న్యూరల్ అండ్ కాగ్నిటివ్ సైన్సెస్ కేంద్రం డిగ్రీ తర్వాత చేరదగిన చోట్లే. కాబట్టి ఆ పేరున్న డిగ్రీ కోసం ఏడాది వృథా చేసుకోకుండా, ఒక మూలశాస్త్రంలో గట్టి డిగ్రీ తీసుకుని, దానికి గణితాన్ని, కొద్దిపాటి ప్రోగ్రామింగ్‌ను, ఏదో ఒక ప్రయోగశాలలో పనిచేసిన అనుభవాన్ని జోడించుకోవడమే సరైన పద్ధతి అని నా అభిప్రాయం. ఆ పని ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు ఇంట్లో తేల్చుకోవలసినది

మెదడు చదువు అనగానే ఇంట్లో పెద్దవాళ్లకు న్యూరాలజిస్టు గుర్తుకొస్తారు. ఆ దారి వేరు. నీట్ రాసి, ఐదున్నరేళ్ల ఎంబీబీఎస్, తర్వాత మూడేళ్ల ఎండీ, ఆపై మూడేళ్ల డీఎం పూర్తి చేసినవారు రోగులకు వైద్యం చేస్తారు. 1956లో మొదలైన కర్నూలు మెడికల్ కాలేజీ వంటి చోట్ల చేరేవారి దారి అది. న్యూరోసైంటిస్టు సాధారణంగా రోగిని చూడరు. నాడీకణాలు ఎలా మాట్లాడుకుంటాయి, జ్ఞాపకం ఎక్కడ నిలుస్తుంది, నిద్రలో ఏం జరుగుతుంది వంటి ప్రశ్నలపై పరిశోధన చేస్తారు. అలైడ్ హెల్త్ సైన్సెస్‌లో ఈఈజీ (తల మీద ఎలక్ట్రోడ్లతో మెదడు విద్యుత్ సంకేతాల నమోదు) తీయడం, నరాల పరీక్షలు చేయడం నేర్పే డిగ్రీలు మూడో రకం. అవి ఆసుపత్రి ఉద్యోగానికి సిద్ధం చేస్తాయి, పరిశోధనకు కాదు. ఈ మూడింటినీ కలగాపులగం చేసుకుని చేరినవారు రెండో ఏడాదికి నిరాశపడతారు.

డబ్బు సంగతి కూడా ముందే మాట్లాడుకోవాలి. డిగ్రీ ఒక్కటే చేతిలో ఉంటే ఈ రంగంలో ఉద్యోగాలు చాలా తక్కువ. డిగ్రీకి మూడు లేదా నాలుగేళ్లు, ఎమ్మెస్సీకి రెండేళ్లు, పీహెచ్‌డీకి ఐదారేళ్లు, మొత్తం మీద పదేళ్ల ప్రయాణం. అయితే పీహెచ్‌డీ కాలమంతా ఇంటి నుంచి డబ్బు తెప్పించుకోవలసిన అవసరం ఉండదు: 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, సీనియర్ అయ్యాక 42,000 రూపాయలు, ఇంటి అద్దె భత్యం అదనం. డిగ్రీ దశలో కేంద్రం ఇచ్చే ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఉంది. ఇంటర్ బోర్డు పరీక్షల్లో మొదటి ఒక శాతంలో నిలిచి, మూలశాస్త్రాల్లో చేరినవారికి ఏడాదికి 80,000 రూపాయల వరకు వస్తుంది. ఇంజినీరింగ్, మెడిసిన్ విద్యార్థులకు ఇది వర్తించదు.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పిల్లల కళ్లకు గంతలు కట్టి పుస్తకం చదివిస్తామనే మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ తరగతులకు ఈ శాస్త్రంతో ఏ సంబంధమూ లేదు. గంత కింద ముక్కు పక్కన ఉండే సందులోంచి పిల్లలు చూస్తారు, అంతే. మెదడు పేరు పెట్టుకున్న ప్రతి సర్టిఫికెట్ కోర్సునూ అదే అనుమానంతో చూడండి.

మూడు ఊళ్లు, మూడు దిక్కులు

దూరప్రాంతమని మనం అనుకుంటాం గానీ, మెదడు పరిశోధనకు సంబంధించినంత వరకు మనం మంచి చోటే ఉన్నాం. 44వ జాతీయ రహదారి మీద కర్నూలు నుంచి ఉత్తరానికి సుమారు 210 కిలోమీటర్లు వెళితే హైదరాబాద్. అక్కడ కణ, అణు జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ, సెంట్రల్ యూనివర్సిటీ, కాగ్నిటివ్ సైన్స్ ల్యాబ్ ఉన్న ట్రిపుల్ ఐటీ ఉన్నాయి. అదే రహదారి మీద అనంతపురం నుంచి దక్షిణానికి దాదాపు అంతే దూరం వెళితే బెంగళూరు. అక్కడ మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్, జీవశాస్త్ర పరిశోధన కేంద్రం ఎన్‌సీబీఎస్, సెంటర్ ఫర్ న్యూరోసైన్స్ ఉన్న ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఉన్నాయి. కడప వారికి తిరుపతి దగ్గర ఏర్పేడులోని ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యా పరిశోధన సంస్థ), ఇంకొంచెం ముందుకు వెళితే ఐఐటీ మద్రాస్ అందుబాటులో ఉన్నాయి. ఆ ఐఐటీలోని సుధా గోపాలకృష్ణన్ బ్రెయిన్ సెంటర్ 2024 డిసెంబరులో గర్భస్థ శిశువు మెదడు త్రీడీ పటాన్ని ‘ధరణి’ పేరుతో విడుదల చేసింది. దాన్ని ఎవరైనా ఉచితంగా ఇంట్లో కూర్చుని తెరిచి చూడవచ్చు.

ఇంటర్ తర్వాత నేరుగా పరిశోధన వాతావరణంలోకి వెళ్లాలనుకునేవారికి అన్నిటికన్నా మంచి దారి ఐసర్‌లలోని ఐదేళ్ల బీఎస్-ఎంఎస్. మొదటి రెండేళ్లు అన్ని శాస్త్రాలూ కలిపి బోధించి, తర్వాత జీవశాస్త్రంలో లోతుకు తీసుకెళ్లి, చివరి ఏడాది పూర్తిగా ఒక ప్రయోగశాలలో పనిచేయిస్తారు. ప్రవేశానికి ఐసర్ ఆప్టిట్యూడ్ టెస్ట్ రాయాలి. మూడు గంటల్లో 60 ప్రశ్నలు: జీవ, రసాయన, భౌతిక, గణిత శాస్త్రాలకు తలా 15. సరైన సమాధానానికి నాలుగు మార్కులు, తప్పుకు ఒకటి కోత. ఇంటర్‌లో ఈ నాలుగింటిలో మూడు చదివి ఉంటే చాలు కాబట్టి బైపీసీ వారూ ఎంపీసీ వారూ అర్హులే. కానీ ఎవరి గ్రూపులో లేని సబ్జెక్టు వారికి 240లో 60 మార్కుల మేర అడ్డుగోడ అవుతుంది. బైపీసీ విద్యార్థి ఆ 15 గణిత ప్రశ్నలను పూర్తిగా వదిలేయకుండా, లాగరిథమ్‌లు, ప్రమేయాలు, సంభావ్యత, సులభమైన అవకలనం మాత్రం నేర్చుకున్నా ర్యాంకు ఎంతో మారుతుంది. ఇదే పరీక్షతో ఐఐటీ మద్రాస్‌లో మెడికల్ సైన్సెస్ అండ్ ఇంజినీరింగ్ అనే నాలుగేళ్ల బీఎస్‌లోనూ చేరవచ్చు. 2023లో మొదలైన ఈ కోర్సు వైద్యానికీ ఇంజినీరింగ్‌కూ మధ్య నిలుస్తుంది. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డిగ్రీకి మాత్రం ఇంటర్‌లో గణితం ప్రధాన సబ్జెక్టుగా ఉండి తీరాలి. ఈ సంగతి బైపీసీలో చేరక ముందే తెలుసుకోవడం మంచిది.

దరఖాస్తులో మనవాళ్లు తరచూ దెబ్బతినేది ధ్రువపత్రాల దగ్గర. కేంద్ర సంస్థలకు రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ చాలదు. కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో చూసుకుని, కేంద్ర నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ పత్రం తీసుకోవాలి. ఈడబ్ల్యూఎస్ పత్రమైతే ఆ ఆర్థిక సంవత్సరానికి సంబంధించినదై ఉండాలి. సచివాలయంలో ముందే దరఖాస్తు పెట్టుకోండి. కౌన్సెలింగ్ వారంలో తహసీల్దారు సంతకం కోసం తిరగడం ఎవరికీ అవసరం లేని తలనొప్పి.

ఊరిలోనే డిగ్రీ చదివితే

అందరికీ ఐసర్‌లో సీటు రాదు, అందరూ ఇల్లు వదిలి వెళ్లలేరు. కర్నూలు సిల్వర్ జూబ్లీ కళాశాలలోనో, 1916 నుంచి నడుస్తున్న అనంతపురం ఆర్ట్స్ కళాశాలలోనో, కడపలోని ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లోనో చదివి కూడా ఈ రంగంలోకి వెళ్లవచ్చు. అయితే సిలబస్ పూర్తి చేస్తే చాలదు, దానికి సమాంతరంగా సొంత సిలబస్ ఒకటి నడపాలి.

మేజర్‌గా ఏది తీసుకోవాలన్న ప్రశ్నకు ఒకే జవాబు లేదు. జువాలజీ, బయోకెమిస్ట్రీ, బయోటెక్నాలజీ మూడూ పనికొస్తాయి. వీటిలో మీ కళాశాలలో ల్యాబ్ బాగా నడిచేది, లెక్చరర్ క్రమం తప్పక వచ్చేది ఎంచుకోండి, పేరు చూసి కాదు. భౌతికశాస్త్రం, గణితం, కంప్యూటర్ సైన్స్ చదివేవారికీ తలుపు మూసుకుపోలేదు. మెదడు సంకేతాల విశ్లేషణకు వారి అవసరమే ఎక్కువ. కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీది ట్రిపుల్ ఐటీడీఎంలో ఈసీఈ చదివే విద్యార్థి సిగ్నల్ ప్రాసెసింగ్ పాఠాన్ని ఈఈజీకి వర్తింపజేయగలిగితే, జీవశాస్త్రం మాత్రమే తెలిసినవారికన్నా ఒక అడుగు ముందుంటాడు. నాలుగో ఏడాది ఆనర్స్ చేయాలా వద్దా అంటే, విదేశాలకు వెళ్లే ఆలోచన ఉంటే చేయండి. ఇక్కడే ఎమ్మెస్సీ చేయాలనుకుంటే మూడేళ్లతో ముగించుకోవచ్చు.

లెక్క భయం పోవాలంటే

జీవశాస్త్రం విద్యార్థులు ఈ శాస్త్రంలో వెనకబడేది గణితం దగ్గరే. ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. నాడీకణం విశ్రాంతిలో ఉన్నప్పుడు దాని పొర లోపలి వైపు వోల్టేజీ సుమారు −70 మిల్లీవోల్టులు ఉంటుందని ఇంటర్ జువాలజీలోనే చదివి ఉంటారు. ఆ సంఖ్య ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం చాలామంది అడగరు. శరీర ఉష్ణోగ్రత దగ్గర, ఒక ధనావేశం ఉన్న అయాన్‌కు సమతుల్య వోల్టేజీ కావాలంటే, బయటి గాఢతను లోపలి గాఢతతో భాగించి, దానికి 10 ఆధారంగా లాగరిథమ్ తీసి, 61.5తో గుణించాలి. పొటాషియం బయట 5, లోపల 140 మిల్లీమోల్‌లు అనుకుంటే జవాబు −89 మిల్లీవోల్టులు. సోడియం బయట 145, లోపల 12 అనుకుంటే +67 వస్తుంది. అసలు వోల్టేజీ −70 కాబట్టి అది పొటాషియం వైపు ఒరిగి ఉంది. అంటే విశ్రాంతిలో పొర పొటాషియంకే ఎక్కువ దారి ఇస్తోందన్నమాట. ఇప్పుడు బయటి పొటాషియంను 5 నుంచి 10కి పెంచి మళ్లీ లెక్కించండి. −89 కాస్తా −70కి పడిపోతుంది. మూత్రపిండాలు దెబ్బతిని రక్తంలో పొటాషియం పెరిగినవారికి గుండె లయ ఎందుకు తప్పుతుందో, కండరాలు ఎందుకు సడలుతాయో ఈ లెక్క దగ్గరే అర్థం కావడం మొదలవుతుంది. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లో స్క్విడ్ అనే సముద్రజీవి నాడీతంతువు మీద చేసిన పని ఈ లెక్కకు కొనసాగింపే. 1963లో వారికి నోబెల్ బహుమతి వచ్చింది. వారి సమీకరణాలు చదవడానికి అవకలన సమీకరణాలు కొద్దిగా రావాలి. మొదటి ఏడాదిలోనే స్వయం, ఎన్‌పీటీఈఎల్ వేదికల మీది ఉచిత గణిత పాఠాల్లో ఒకటి పట్టుకుని పూర్తి చేయండి.

మెదడును చేత్తో పట్టుకోవడం

యూజీసీ ఆదేశాల తర్వాత డిగ్రీ ల్యాబుల్లో జంతువులను కోయడం ఆగిపోయింది, అది మంచిదే. కానీ దానివల్ల మెదడును ఒక్కసారి కూడా చూడకుండానే డిగ్రీ పూర్తి చేస్తున్నారు. మన ఊళ్లలో దానికి సులువైన మార్గం మటన్ కొట్టు. మేక తలకాయను మామూలుగా కత్తితో నిలువునా రెండుగా కొడతారు. ఆ అరతలకాయలోనే మెదడు నడిమి కోత సిద్ధంగా దొరుకుతుంది. చిన్నమెదడులో తెల్లని చెట్టుకొమ్మల వంటి ఆకృతి, రెండు అర్ధగోళాలను కలిపే తెల్లని పట్టీ, దాని కింద ఖాళీ గది, వెనక వెన్నుపాములోకి జారే కాండం ఒక్క చూపులో కనిపిస్తాయి. మెదడు మొత్తంగా కావాలంటే మాత్రం ముందే చెప్పి కపాలం పైభాగాన్ని జాగ్రత్తగా తీయించుకోవాలి. పచ్చి మెదడు పెరుగులా జారిపోతుంది కాబట్టి నాలుగైదు రోజులు స్పిరిట్‌లో నానబెట్టి గట్టిపడనివ్వండి. తర్వాత తిరగేసి అడుగుభాగం చూడండి. ముందువైపు వాసన గ్రహించే రెండు ఉబ్బులు మనిషి మెదడుతో పోలిస్తే ఎంత పెద్దవో, కళ్ల నుంచి వచ్చే నరాలు ఎక్కడ ఎక్స్ ఆకారంలో కలుసుకుంటాయో గుర్తించి, పుస్తకంలోని బొమ్మను చూడకుండా మీరే గీయండి. చేతికి తొడుగులు తప్పనిసరి, వాడిన కత్తి మళ్లీ వంటింట్లోకి వెళ్లకూడదు, స్పిరిట్ దగ్గర నిప్పు ఉండకూడదు. మనిషి మెదడే చూడాలనుకుంటే నిమ్హాన్స్‌లోని బ్రెయిన్ మ్యూజియంకు వెళ్లండి. సందర్శన వేళలు ముందుగా కనుక్కుని బయల్దేరండి.

కంప్యూటర్‌తో చేయదగిన మొదటి ప్రయోగం

ప్రోగ్రామింగ్‌లో పైథాన్ ఒక్కటి చాలు. వాక్యనిర్మాణం నేర్చుకున్న వెంటనే అసలు దత్తాంశం మీద చేయి పెట్టాలి, లేకపోతే ఆసక్తి నిలవదు. ఫిజియోనెట్ అనే ఉచిత భాండాగారంలో 109 మంది నుంచి 64 ఎలక్ట్రోడ్లతో, సెకనుకు 160 నమూనాల చొప్పున తీసిన ఈఈజీ ఉంది. ప్రతి వ్యక్తికీ మొదటి రికార్డింగు ఒక నిమిషం కళ్లు తెరిచి, రెండోది ఒక నిమిషం కళ్లు మూసుకుని తీసినది. పైథాన్‌లోని ఎంఎన్ఈ అనే కోడ్ లైబ్రరీతో ఈ రెండింటినీ దించుకుని, తల వెనకభాగంలోని ఎలక్ట్రోడ్లను మాత్రం ఎంచుకుని, ఏ పౌనఃపున్యం వద్ద ఎంత శక్తి ఉందో గ్రాఫ్ గీయండి. కళ్లు మూసుకున్న గ్రాఫులో సెకనుకు 10 ఆవర్తనాల దగ్గర స్పష్టమైన గుట్ట లేచి, కళ్లు తెరవగానే అది అణిగిపోవడం చాలామందిలో కనిపిస్తుంది. 1929లో హాన్స్ బెర్గర్ ప్రకటించిన ఆల్ఫా తరంగాలు ఇవే. కొందరిలో ఆ గుట్ట అసలు కనిపించదు. అలాంటివారిని వదిలేయకుండా ఎంతమందిలో కనిపించలేదో లెక్కపెట్టి రాసుకోండి. ఇంట్లో మంచి కంప్యూటర్ లేకపోయినా బ్రౌజర్‌లోనే పైథాన్ నడిపే గూగుల్ కోల్యాబ్‌లో ఈ పనంతా ఫోను ఇంటర్నెట్‌తో నడుస్తుంది.

చదివే పద్ధతి

పాఠ్యపుస్తకం మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు చదవడం కన్నా, తెలిసిన ఒక సంఘటనను పట్టుకుని దాని వెనక ఉన్న యంత్రాంగాన్ని వెతకడం మేలు. మన పల్లెల్లో అందరికీ తెలిసిన కట్లపాము కాటునే తీసుకోండి. రాత్రి నేల మీద పడుకున్నవారిని కరుస్తుంది, నొప్పి పెద్దగా తెలియదు, తెల్లవారేసరికి కనురెప్పలు వాలిపోతాయి, తర్వాత ఊపిరి కండరాలు పనిచేయడం మానేస్తాయి. రోగి చుట్టూ జరిగేదంతా వింటూనే ఉంటాడు, కానీ వేలు కూడా కదపలేడు. ఎందుకు? నరం కండరాన్ని తాకే సంధి దగ్గర అసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై కండరం మీది గ్రాహకాలకు అంటుకోవాలి. కట్ల జాతి పాముల విషంలోని ఆల్ఫా బంగారోటాక్సిన్ ఆ గ్రాహకాలకు అడ్డుపడుతుంది; బీటా రకం నరం చివరనే ధ్వంసం చేస్తుంది. అందుకే ఈ కాటులో పక్షవాతం ముదిరాక విరుగుడు మందు ఇచ్చినా వెంటనే తిరగదు, రోజుల తరబడి వెంటిలేటర్ మీద ఉంచవలసి వస్తుంది. మంత్రగాడి దగ్గర గడిపిన ప్రతి గంటా ప్రాణం మీదికి తెచ్చేది ఇందుకే. 1970లలో శాస్త్రవేత్తలు ఇదే ఆల్ఫా విషాన్ని పట్టుకొమ్మగా చేసుకుని అసిటైల్‌కోలిన్ గ్రాహకాన్ని కణం నుంచి వేరుచేశారు. ఈ ఒక్క సంఘటనతో సినాప్స్ (నరాల సంధి), గ్రాహకాలు, కండర సంకోచం, మెదడుకు రక్తానికి మధ్య ఉండే అవరోధం (విషం దాన్ని దాటలేకే రోగికి స్పృహ ఉంటుంది) అనే నాలుగు పాఠాలు ముడిపడతాయి. పత్తి చేలలో పురుగుమందు కొట్టేవారికి కంటిపాపలు ఎందుకు చిన్నవవుతాయో, ఆసుపత్రిలో అట్రోపిన్ ఎందుకు ఇస్తారో తర్వాత మీరే ఇదే పద్ధతిలో వెతకండి.

తెలుగు మాధ్యమంలో చదివినవారు ఇంగ్లిష్ పేరాలను బట్టీ పట్టవద్దు. ప్రతి భావాన్నీ ముందు తెలుగులో సొంత మాటల్లో రాసుకుని, తర్వాత ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు రాయండి. తెలుగులో రాయలేకపోతే అది ఇంకా అర్థం కాలేదన్నమాట.

ప్రయోగశాల తలుపు తట్టడం

ఎమ్మెస్సీకి, పీహెచ్‌డీకి ఇంటర్వ్యూ చేసేవారు మార్కుల కన్నా ముందు అడిగేది, ఎక్కడైనా పనిచేశావా అని. మూడు భారతీయ సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్ దీనికి అన్నిటికన్నా అందుబాటులో ఉన్న అవకాశం: వేసవిలో రెండు నెలల పాటు ఒక శాస్త్రవేత్త దగ్గర పని, భత్యంతో సహా. ప్రకటన సాధారణంగా ముందు సంవత్సరం చివర్లో వస్తుంది కాబట్టి వేసవి దగ్గరపడ్డాక మేల్కొంటే లాభం లేదు.

విడిగా ప్రొఫెసర్లకు ఉత్తరం రాసేటప్పుడు, ఒకే ఉత్తరాన్ని యాభై మందికి పంపకండి. అలాంటివి మొదటి వాక్యంలోనే తెలిసిపోతాయి. వారి ప్రయోగశాల నుంచి ఇటీవల వచ్చిన ఒక్క పరిశోధన పత్రాన్ని తీసుకుని, అందులో ఒక్క గ్రాఫును పూర్తిగా అర్థం చేసుకుని, దాని మీద మీకు నిజంగా కలిగిన ప్రశ్నను రాయండి. తర్వాత మీరేం చేయగలరో రెండు వాక్యాల్లో చెప్పి, పైన చెప్పిన ఈఈజీ గ్రాఫునో మేక మెదడు బొమ్మనో జతచేయండి. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు రాగలనని, ఉండడానికి వసతి నేనే చూసుకుంటానో లేదో స్పష్టంగా తెలపండి. రెండు వారాలు జవాబు రాకపోతే మర్యాదగా ఒక్కసారి గుర్తుచేసి ఊరుకోండి.

ఐఐటీల్లో ఎమ్మెస్సీకి, ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో ఎమ్మెస్సీకి సీయూఈటీ పీజీ అనే పరీక్ష రాయాలి. జామ్ దరఖాస్తులు డిగ్రీ చివరి ఏడాది మొదటి నెలల్లోనే మొదలవుతాయి.

వేసవి ఫెలోషిప్‌కైనా ఎమ్మెస్సీకైనా సిఫారసు లేఖ అడుగుతారు. మీ కళాశాలలో ల్యాబ్ నడిపే సారునో మేడమ్‌నో మొదటి ఏడాది నుంచే మీరు చేసిన పని చూపిస్తూ ఉండండి. లేఖ కావలసినప్పుడు గడువుకు కనీసం మూడు వారాల ముందు వెళ్లి, మార్కుల మెమోల నకళ్లు, మీరు రాసిన వ్యాసం, లేఖను ఎక్కడ ఎలా అప్‌లోడ్ చేయాలో తెలిపే వివరాలు ఒకే కాగితం మీద రాసి ఇవ్వండి. గడువుకు వారం ముందు ఒకసారి, రెండు రోజుల ముందు ఇంకోసారి స్టాఫ్ రూముకు వెళ్లి, అప్‌లోడ్ అయిందో లేదో వారి ఎదుటే చూసుకోండి.